జవాబు ఒక్కటే రాసిన లెక్క

"రెండే మార్కులు కదండీ అత్తయ్యగారూ! మీ చేతిలో పని."

"నా చేతిలో పని కాబట్టే వెయ్యనండి అల్లుడుగారూ."

"పిల్ల జవాబు తప్పు రాసిందా, మీరే చెప్పండి. పదహారు వందల నలభై అరటికాయలు. అదే కదా జవాబు?"

"అదే."

"మరి?"

"జవాబు ఒక్కటే రాసింది. లెక్క ఎలా చేసిందో రాయలేదు. విధానం లేకుండా జవాబు పడేస్తే, అది దాని బుర్రలోంచి వచ్చిందో, పక్కవాడి కాగితంలోంచి వచ్చిందో నాకెలా తెలుస్తుందండి?"

"అది మీ మనవరాలండీ!"

"ఇంట్లో మనవరాలు. బళ్ళో ఐదో తరగతి, పద్నాలుగో నంబరు. పద్నాలుగో నంబరుకి ముప్ఫై మూడు వచ్చాయి. పాసవడానికి ముప్ఫై అయిదు కావాలి."

"హైస్కూల్లో వేస్తానని దానికి మాటిచ్చానండీ. మా అమ్మ ఒప్పుకోవడమే, పాసైతే చూద్దాంలే అని ఒప్పుకుంది. ఇప్పుడు తప్పిందని ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

"మళ్ళీ ఐదు చదువుతుంది. ఏడాది ఎంతలో తిరుగుతుంది?"

"చదివించను. మా ఇంట్లో ఆడపిల్లని ఒకే క్లాసు రెండేళ్ళు చదివించేంత తీరిక ఎవరికీ లేదు. రేపు పదింటి బస్సుకి తీసుకుపోతాను. ఇంక బడీ లేదు, గిడీ లేదు."

"పిల్ల మీది, మీ ఇష్టమండి. మార్కులు మాత్రం మీ ఇష్టమూ కాదు, నా ఇష్టమూ కాదు."

ఈ గొడవ మా అమ్మమ్మకీ మా నాన్నకీ ఓ వేసవి సాయంత్రం, కోనసీమలో అమ్మమ్మగారింటి వీధి అరుగు మీద జరిగింది. నేను తలుపు వెనకాల నిలబడి ఉన్నాను. నోట్లో అడక్కుండా తీసుకున్న కొబ్బరి లౌజు ముక్క ఉంది. మింగితే గుటక వినబడుతుందని భయం, ఉమ్మేస్తే లౌజు దండగ. ఇద్దరూ చెరో వైపూ లేచి వెళ్ళిపోయేదాకా దాన్ని బుగ్గన పెట్టుకుని అలాగే ఉన్నాను. అప్పటికి నాకు పదేళ్ళు నిండాయంతే.

ఇన్నాళ్ళకి దీన్ని తవ్వి పోస్తున్నానంటే దానికి కారణం నా మనవరాలు. కాకినాడలో ఇంజనీరింగు చదువుతోంది. మొన్న ఆదివారం వచ్చి, "మామ్మా, టీచరు తాతమ్మ పనిచేసిన స్కూల్లో పాత స్టూడెంట్లంతా కలిసి ఆవిడ ఫొటో పెడతారట. చిన్న పుస్తకం కూడా వేస్తారట. నువ్వు రెండు పేజీలు రాసివ్వాలట," అంది. టీచరు తాతమ్మంటే మా అమ్మమ్మే. ఆవిడ ఆఖరి రోజుల్లో మా ఇంట్లో ఉన్నప్పుడు పిల్లలు పెట్టుకున్న పేరు.

"నాకేం వచ్చని రాయను? ఐదో తరగతి తప్పినదాన్ని," అన్నాను.

"అయితే నువ్వు చెప్పు, నేను ఫోన్లో టైప్ చేస్తా."

చెప్పాను. టక టక కొట్టేసి చదివి వినిపించింది. అందులో "విద్యా సుగంధాలు వెదజల్లిన మహనీయురాలు" అని ఉంది.

"నేనెప్పుడన్నానే ఆ మాట?"

"కొంచెం బాగుంటుందని కలిపా మామ్మా."

"కొంచెమా? ఆవిడ దగ్గర సుద్ద వాసనా, ఆముదం వాసనా తప్ప ఏ సుగంధమూ లేదు. ఆ ముక్క తీసెయ్."

"అబ్బా, ఇలాంటివాటికి పాజిటివ్‌గా రాయాలి మామ్మా. నిన్ను ఆవిడ ఫెయిల్ చేసింది, నీ చదువు పోయింది, ఆ గొడవ మాత్రం రాయకేం."

ఇంక నా వల్ల కాలేదు. ఫోను అవతల పెట్టమని నేనే మొదలుపెట్టాను. నాలుగు పేజీలు రాసి మిగతాదంతా తెల్లగా వదిలేసిన దాని నోటుపుస్తకాలు మా ఇంట్లో అటక నిండా ఉన్నాయి. అందులో ఒకటి దులిపి రాస్తున్నాను. చెయ్యి తిరగడం లేదు. చదివేవాళ్ళు ఓర్చుకోవాలి.

మా ఊళ్ళో బడి ఉందంటే ఉంది, లేదంటే లేదు. పంతులు రెండు రోజులొస్తే నాలుగు రోజులు రాడు. అందుకని అయిదో ఏట నన్ను అమ్మమ్మ దగ్గర దింపారు. తాతయ్య చిన్న వయసులోనే పోతే, ఆవిడ మా అమ్మని చంకనేసుకుని రాజమండ్రి వెళ్ళి టీచరు ట్రైనింగయి వచ్చింది. ఉద్యోగమంతా ఆ చుట్టుపక్కల ఊళ్ళలోనే. చివరికి తన ఊరి బళ్ళోనే హెడ్మాస్టరయింది. రెండు గదుల పెంకుటింట్లో అయిదు తరగతులు, ఇద్దరు టీచర్లు. గంట కొట్టడానికి దూలానికి వేలాడేసిన రైలు పట్టా ముక్క. అంతే ఆ బడి.

టీచరమ్మగారి మనవరాలు, దానికేం తక్కువ అనుకునేవాళ్ళు. నా బాధ ఒక్కరికీ తెలియదు. ఇంట్లో "అమ్మమ్మా, నువ్వు" అనాలి. బడి గుమ్మం దాటగానే "టీచరుగారూ, మీరు" అనాలి. ఓసారి రెండో తరగతిలో కడుపు నొప్పొచ్చి "అమ్మమ్మా" అని ఏడిచాను. "ఇక్కడ నీకు అమ్మమ్మ ఎవరూ లేరు" అని నిలబెట్టింది. సాయంత్రం ఇంటికొచ్చి సంచి మేకుకి తగిలించి, కాళ్ళు కడుక్కుని, అప్పుడు "ఇందాక కడుపు నొప్పన్నావుగా, తగ్గిందా?" అని వాము నలిపి పెట్టింది. ఆ మధ్యాహ్నమంతా నా పొట్ట ఏమైపోయినా పర్వాలేదన్నమాట!

చదువు విషయంలో మరీ విడ్డూరం. ఇంట్లో నాకు ఒక్క అక్షరం చెప్పేది కాదు. అర్థం కాలేదని అడిగితే, "మిగతా పిల్లల ఇళ్ళల్లో టీచర్లున్నారా? నీకొక్కదానికీ రాత్రిపూట చెబితే వాళ్ళకి అన్యాయం. రేపు బళ్ళో చెయ్యెత్తి అడుగు," అనేది. బళ్ళో చెయ్యెత్తితే నన్ను ఆఖర్న పిలిచేది, సొంత మనవరాల్ని ముందు పిలిచిందని ఎవరైనా అంటారని. నా వంతు వచ్చేసరికి గంట కొట్టేసేవారు. ఎవరు అంటారు? ఎవరూ అనరు. ఆ ఊళ్ళో ఆవిణ్ణి మాట అనేంత గుండె ఎవరికీ లేదు. ఆవిడకే ఆ పిచ్చి.

తిండి దగ్గర మాత్రం పక్షపాతం చూపించేది. అదైనా చూపించింది. వేసవి వస్తే వంటింటి మూల తరవాణి కుండ ఉండేది. అన్నం, గంజి పోసి, దబ్బాకులు వేసి పులియబెట్టేది. మూత తీస్తే ఆ పులుపు వాసనకి దవడలు లాగేవి. పొద్దున్నే ఆ అన్నం మట్టి ముంతలోకి తీసి, పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ పక్కన పెట్టి, మాగాయ టెంక నా ముంతలోనే వేసేది. టెంక ఎప్పుడూ నాకే. పనసపొట్టు కూరలో ఆవ ఘాటు ముక్కుకెక్కి నేను ఎగిరితే, నోరంతా తెరిచి నవ్వేది. బళ్ళో ఆ నవ్వు చూసిన పిల్ల ఒక్కతి లేదు.

నేనూ ఏమంత బుద్ధిమంతురాలిని కాదు. బలపాలు తినేదాన్ని. కొత్త బలపం నాలిక మీద పెట్టుకుంటే తొలకరి వాన పడ్డ మన్ను తిన్నట్టుండేది. పెట్టెలో బలపాలు తరిగిపోతున్నాయని కనిపెట్టి, ఓ రోజు తరగతి మొత్తాన్నీ నాలికలు చాపమంది. నా ఒక్కదాని నాలికే బూడిద రంగులో ఉంది. అందరి ముందూ అరచెయ్యి వాచేలా కొట్టింది. ఇంటికెళ్ళాక వెన్న రాసింది. వెన్న రాస్తూ, "తింటే తిన్నావు, కడుక్కోవాలని తెలియదూ?" అంది. ఇలాంటి మనిషితో ఎలా వేగేది?

ఇంక పొదుపు. నన్ను పిసినారి మామ్మ అని ఇంట్లో అందరూ అంటారు, అననివ్వండి. నేను నేర్చుకున్నది ఎక్కడ? అరిగిపోయిన సబ్బు ముక్కని కొత్త సబ్బుకి అతికించడం, పాత చీర అంచుతో సంచికి పట్టీ కుట్టడం, కొబ్బరి పీచుతో గిన్నెలు తోమడం, అన్నీ ఆవిడవే. అన్నిటికంటే ముఖ్యం కాగితం. పెళ్ళి శుభలేఖల వెనక తెల్లగా ఉన్న భాగాలన్నీ కత్తిరించి, సూదీ దారంతో పుస్తకాలు కుట్టేది. నేను ఒక్క గీత దండగ్గా గీస్తే ప్రాణం పోయినట్టు అరిచేది. "కాగితం పాడు చెయ్యకు. మనసులో చెయ్యి. మనసులో ఎంత రాసినా ఖర్చవదు." ఈ మాట రోజుకి నాలుగుసార్లు విన్నాను. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ విన్నాను.

విన్నాను కాబట్టే మునిగాను.

ఐదో తరగతి లెక్కల పరీక్ష. ప్రశ్నలు బోర్డు మీద రాసేసి, తలకి రెండేసి ఠావుల కాగితమిచ్చింది. చివరి లెక్క ఇది. ఒక అరటి గెలకి ఎనిమిది అత్తాలు. అత్తానికి పద్నాలుగు కాయలు. అలాంటి గెలలు పదిహేను. అందులో నలభై కాయలు కుళ్ళిపోతే మిగిలినవి ఎన్ని? అయిదు మార్కులు.

మా నాన్నది అరటి తోట. సెలవుల్లో మా ఊరు వెళితే, రావులపాలెం వెళ్ళే లారీ కోసం గెలలు గట్టు మీదికి చేరుస్తుంటే పక్కన నిలబడి లెక్కపెట్టేది నేను. గెల చూస్తే ఎన్ని కాయలో చెప్పేదాన్ని. మచ్చపడ్డ కాయలు ఎన్ని తీసెయ్యాలో కూడా చెప్పేదాన్ని. కూలివాళ్ళు సరదాకి పందెం వేసి అడిగేవారు. అలాంటిదానికి ఈ లెక్క ఒక లెక్కా? బోర్డు మీద చదవడమే, జవాబు వచ్చేసింది. 1640 అని శుభ్రంగా ఓ పక్కన రాశాను. మిగతా లెక్కలూ చిన్న చిన్న అక్షరాలతో అందులోనే సర్దాను. రెండో ఠావు ముట్టుకోలేదు. పేపరిచ్చేటప్పుడు ఆ తెల్ల ఠావు మడత పడకుండా పట్టుకెళ్ళి, "టీచరుగారూ, ఇది మిగిల్చానండి," అన్నాను. శభాష్ అంటుందనుకున్నాను. అలవాటుగా తీసుకుని సొరుగులో పెట్టింది.

తరవాత ఆ లెక్కకి సున్నా వేసింది.

కాగితం మిగల్చమన్నది ఆవిడే, మిగిల్చినందుకు తప్పించిందీ ఆవిడే. తరగతిలో ఫలితాలు చదువుతూ "పద్నాలుగు, ఫెయిల్" అంది. గొంతులో వెంట్రుకవాసి తేడా లేదు. పన్నెండూ పాసే, పదమూడూ పాసే, పదిహేనో నంబరు బడికి వచ్చిందే సగం రోజులు, అదీ పాసే. ఆ సాయంత్రమే నన్ను వేసవి సెలవులకి తీసుకెళ్ళడానికి నాన్న దిగాడు. నేను మొదట రాసిన గొడవ అప్పుడు జరిగింది.

మర్నాడు నన్ను తీసుకెళ్ళిపోయారు. మళ్ళీ బడి మొహం చూడలేదు. పదకొండో యేట తోటలో గెలలు లెక్కపెట్టడానికి కూర్చున్నాను. పదిహేడో యేట పెళ్ళయింది. తరవాత వంటిల్లు, పాడి, పిల్లలు. నాకు లెక్కల్లో ఎవరూ మోసం చెయ్యలేకపోయారు, అంతవరకు చెప్పగలను.

మా అమ్మ ఏడాది పాటు వాళ్ళమ్మతో మాట్లాడలేదు. నాన్న మర్యాద తప్పలేదు గానీ, ఆ తరవాత ఎప్పుడు ఆ ఇంటికెళ్ళినా మజ్జిగ తాగి లేచిపోయేవాడు, విస్తరి ముందు కూర్చోలేదు. "సొంత మనవరాలి గొంతు కోసింది" అని చుట్టాలందరూ అన్నారు. ఆవిడ చెవిన పడేలాగే అన్నారు. ఆవిడ ఒక్కరికీ జవాబు చెప్పలేదు. మరుసటి ఏడాదో, ఆ పై ఏడాదో రిటైరయింది. పూలదండ వేయించుకుని ఇంటికొచ్చి, ఆ పూలన్నీ విడదీసి దేవుడి దగ్గర పెట్టి, దారం చుట్ట చుట్టి దాచుకుందట.

రిటైరయ్యాక మనుషులు నెమ్మదిస్తారంటారు. ఈవిడ నెమ్మదించలేదు. బస్సెక్కితే కండక్టరు ఆవిడ దగ్గర చదివినవాడే. "తొమ్మిది మంది ఎక్కారు, ఏడు టిక్కెట్లే కొట్టావేం రా?" అని నడి బస్సులో అడిగేది. పక్కనున్న నేను తల ఎక్కడ పెట్టుకోవాలి? ఎనభై దాటాక కంటికి శుక్లం ఆపరేషనంటే కాకినాడ తీసుకెళ్ళాను. డాక్టరు ఆవిణ్ణి చూడగానే లేచి నిలబడి దణ్ణం పెట్టాడు. మూడో తరగతి ఈవిడ దగ్గరేనట. నేను హమ్మయ్య అనుకున్నాను. ఈవిడ కుర్చీలో కూర్చుని, పదిహేడో ఎక్కం అందుకుని, "పదిహేడేళ్ళు ఎంత?" అంది.

"అమ్మమ్మా, ఊరుకో," అన్నాను.

"నువ్వుండు. ఏరా, పదిహేడేళ్ళు?"

డాక్టరు వేళ్ళు మడిచాడు. పక్కన నర్సు నవ్వాపుకుంటోంది. "నూటా... పంతొమ్మిదండి టీచరుగారూ."

"ఆలోచించి చెప్పావు. కన్ను కోసేటప్పుడు కూడా ఇలాగే ఆలోచించి కొయ్యి."

డెబ్భయ్యో ఏట ఓ జ్వరం తగిలి, ఇంక పోతానని అందరినీ పిలిపించింది. పన్నెండో రోజున వంట ఎవరు చెయ్యాలో, ఎంత పెట్టాలో, వడల్లో అల్లం వెయ్యాలో వద్దో చెప్పింది. జ్వరం తగ్గింది. ఆ తరవాత ఇంకో పాతికేళ్ళు బతికింది. బతికిన ప్రతి ఏడూ ఆ వంటల జాబితా మార్చింది. ఆవిడ చెప్పిన వంటమనిషి ముందే పోయాడు. "ఎవరినీ నమ్మేటట్టు లేదు" అని విసుక్కుంది.

ఆఖరి పదకొండేళ్ళూ నా దగ్గరే ఉంది. మా అమ్మ లేదు, ఇంకెవరి దగ్గరికీ వెళ్ళనంది. ఇద్దరు పొదుపరులు ఒక ఇంట్లో ఉంటే ఎలా ఉంటుందో పగవాళ్ళకి కూడా వద్దు. పాల కవర్లు కడిగి తీగ మీద ఆరేసేది. నేను వాటిలో కడియం నించి తెచ్చిన మొక్కలు పెడదామని తీస్తే, "అవి నావి" అనేది. వెలిగించి ఆర్పిన అగ్గిపుల్ల మళ్ళీ పనికొస్తుందని ఆవిడ, పెట్టంతా మసవుతుందని నేను. చీకటి పడకుండా లైటు వేశామని ఇద్దరం మా కోడల్ని కేకలేసేవాళ్ళం. ఆ ఒక్క విషయంలోనే మాకు మాట కలిసేది. అన్నాల వేళకి హాజరు పిలిచేది. ఇంట్లో ఒక్కరు తగ్గినా కంచం ముట్టుకునేది కాదు. మా అబ్బాయి స్నానాల గదిలోంచి "వచ్చానండీ టీచరుగారూ" అని అరవాల్సి వచ్చేది.

ఏడాదికోసారైనా ఆ పాత లెక్క గొడవ లేచేది. అరటి గెల ఇంటికొచ్చిందంటే చాలు.

"ఇప్పటికైనా ఒప్పుకో అమ్మమ్మా. జవాబు కరెక్టా కాదా?"

"జవాబు కరెక్టే. విధానం లేదు."

"తొంభై ఏళ్ళొచ్చాయి నీకు. నాకూ తల నెరిసింది. ఇంకా విధానమేంటి?"

"లేని విధానం తల నెరిస్తే వస్తుందా?"

మా అబ్బాయి మధ్యలోకి వచ్చేవాడు. "పోనీలెండి తాతమ్మగారూ, ఆ రెండు మార్కులూ అప్పుడే వేసేసి ఉంటే మా అమ్మ ఈపాటికి మీకు మల్లే టీచరయ్యేది కదా."

అలా అన్నప్పుడల్లా ఆవిడ నా వైపు చూసేది. ఊరికే చూసేది, అంతే. నేను ఏదో పని ఉన్నట్టు లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని.

ఒక మధ్యాహ్నం పెరుగన్నం తిని, చెయ్యి కడుక్కుని, పడుకుని మరి లేవలేదు. ఎవరికీ ఒక్క పూట కష్టం పెట్టలేదు. వడల్లో అల్లం వేయించాను. ఆఖరి జాబితాలో వెయ్యమనే ఉంది.

ఇక్కడిదాకా రాసి నాలుగు రోజులు ఆపాను. మనవరాలు ఫోన్ చేసి, "అయిపోయిందా మామ్మా? వాళ్ళు అడుగుతున్నారు," అంది. అయిపోయిందనే అన్నాను. చదివి వినిపించమంటే వినిపించాను. "బాగుంది గానీ, ఆ ఫెయిల్ చేసిన ముక్క ఉంచితే ఆవిడ గురించి చెడ్డగా అనుకుంటారు మామ్మా," అంది. నిజమే. అనుకుంటారు. మా ఇంట్లో అరవై ఏళ్ళుగా అనుకుంటూనే ఉన్నారు. మా అమ్మ అనుకుంటూనే పోయింది, మా నాన్న అనుకుంటూనే పోయాడు. వాళ్ళనలా అనుకోనిచ్చింది ఎవరు? ఆవిడ ఫొటో గోడ మీద పెట్టి, దాని కింద నేను సగం నిజం రాసిన పుస్తకం పెడతారా? ఆవిడ ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. చెప్పకుండా ఎందుకుండిపోయానంటే, చెబితే తప్పు నా మీదికి వస్తుంది గనక. ఇంకేం కారణం లేదు.

నాన్నతో గొడవపడ్డ మర్నాడు ఏం జరిగిందో రాస్తాను.

తెల్లారుతుండగా అమ్మమ్మ నన్ను లేపింది. నాన్న వీధి అరుగు మీద ఇంకా నిద్రలో ఉన్నాడు. నన్ను వంటింట్లోకి తీసుకెళ్ళి తలుపు జేరేసింది. పీట పక్కన పరీక్ష పేపర్ల కట్ట ఉంది. ఆ రోజు ఇన్‌స్పెక్టరు గారి ఆఫీసుకి పంపాల్సిన కట్ట. రాత్రి నా కళ్ళ ముందే పురికొసతో గట్టిగా కట్టింది. ఇప్పుడు విప్పి ఉంది. పైన నా పేపరుంది.

"ఆ జవాబు పక్కన ఖాళీ ఉంది. ఎలా చేశావో రాయి," అంది.

"పరీక్ష అయిపోయిందిగా."

"రాయమన్నాను."

"రాస్తే?"

"మార్కులు వేస్తాను. అయిదుకి అయిదూ వేస్తాను. మీ నాన్న లేచేలోగా రాసెయ్యి."

నా మొహంలోకి చూడకుండా, పొయ్యిలో పుల్లలు సర్దుతూ చెప్పింది. కలం సిరాలో ముంచి నా చేతికిచ్చింది.

"నేను కాపీ కొట్టానని నిన్న నాన్నతో అన్నావు," అన్నాను.

"కొట్టావనలేదు. కొట్టలేదని ఎలా తెలుస్తుందన్నాను."

"రెండూ ఒకటే."

"సరే, ఒకటే. రాయి. రాస్తే తెలుస్తుందిగా."

"నీకు తెలుసు. తెలిసే అన్నావు. నేను రాయను."

"రాయకపోతే ఏమవుతుందో తెలుసా నీకు?"

"తెలుసు."

"హైస్కూలుండదు. నువ్వు అక్కడే ఉండిపోతావు."

"రాయను."

ఎసరు మరిగింది. బియ్యం పోసింది. కలం మీద సిరా ఆరిపోతే తీసుకుని మళ్ళీ ముంచి ఇచ్చింది. "రాయవే తల్లీ," అంది. ఆవిడ నన్ను అలా బతిమాలడం అంతకుముందు నేను ఎరగను, ఆ తరవాతా ఎరగను. కలం నేల మీద పెట్టేసి, చేతులు వెనక్కి కట్టుకుని కూర్చున్నాను. అన్నం ఉడికింది. గంజి వార్చింది. అరుగు మీద నాన్న లేచి దగ్గాడు. అప్పుడు నా పేపరు తీసి కట్టలో దాని నంబరు దగ్గర పెట్టి, పురికొస బిగించి కట్టింది.

నాన్న ముఖం కడుక్కుని వచ్చాడు. "ఆలోచించారా అత్తయ్యగారూ?" అన్నాడు.

"రాత్రి చెప్పిందేనండి," అంది అమ్మమ్మ.

నాకు అన్నం పెట్టింది, తిన్నాను. తొమ్మిదిన్నరకి కట్ట చంకలో పెట్టుకుని బడికి వెళ్ళిపోయింది. పదింటి బస్సు పావుగంట ఆలస్యంగా వచ్చింది. నాన్న నా ట్రంకుపెట్టె పైకెక్కించాడు. ఇద్దరం ఎక్కి కూర్చున్నాం.